నీలం డబ్బాలో గాజు చప్పుడు

తెల్లవారుజామున నిద్రకీ మెలకువకీ మధ్య ఒక సన్నటి సందు ఉంటుంది. పరదాలమ్మకు ఆ సందులోనే ఆ చప్పుడు వినిపించేది. టింగ్. కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ టింగ్. ఎక్కడో నీళ్ళ అడుగున ఎవరో చిన్న గంట కొడుతున్నట్టుండేది. ఆ చప్పుడుకి ఆవిడ కళ్ళు తెరిచేది కాదు. దుప్పటి ఇంకాస్త పైకి లాక్కుని, పచ్చటి వెలుగూ తేనెరంగు వెలుగూ కలిసిన పెద్ద గదిలో తాను నడుస్తున్నట్టు, ఆ గదికి గోడల బదులు పరదాలే ఉన్నట్టు కలగనేది. చెత్త డబ్బాలు ఎత్తే రోజు వచ్చిందంటే చాలు, ఆ కల రావలసిందే.

కలలోంచి బయటపడ్డాక మాత్రం అసలు సంగతి ఆవిడకు తెలుసు. అది గంటా కాదు, పాడూ కాదు. కింద మెట్ల వెనక, నీలం రీసైక్లింగ్ డబ్బా దగ్గర, తన మొగుడు సీసాలు పగలగొడుతున్న చప్పుడు.

ఆ బిల్డింగులో అందరూ ఆయన్ని కొలిమాయన అంటారు. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ సీసాల ఫ్యాక్టరీలో కొలిమి ముందు నిలబడ్డ మనిషి. ఫ్యాక్టరీ మూతపడి ఏళ్ళు గడిచినా ఆయన కనుబొమలు ఇంకా పూర్తిగా మొలవలేదు. ఆవిడేమో కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకుని వీధి వీధికీ పరదాలు కుడుతుంది గనక పరదాలమ్మ. అసలు పేర్లు ఎవరైనా అడిగితే ఇద్దరూ ఒక్క క్షణం ఆలోచించుకోవాలి.

ఆ రోజు కూడా ఆయన పైకొచ్చి చేతులు కడుక్కుంటుంటే, ఆవిడ టీ వడకడుతూ పలకరించింది.

"అయ్యిందా మీ గంట కొట్టడం?"

"నవ్వుకో నవ్వుకో. ఈ బిల్డింగులో గాజు సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. సీసాని సీసాలాగే పడేస్తే లోపల ఉండేది గాలే కదా! ఆ లారీవాడు సగం గాలి మోసుకుపోతాడు. పెంకులైతే ఎంచక్కా సర్దుకుంటాయి. కొలిమిలో వెయ్యగానే ముందు పెంకులే కరుగుతాయి, పక్కనున్న ఇసకని కూడా కరిగిస్తాయి. మా రోజుల్లో పెంకుల బండి వచ్చిందంటే..."

"కొలిమికి విందే. తెలుసు. పెళ్ళైన దగ్గర్నుంచీ వింటున్నా."

ఆయన తుండుతో చేతులు తుడుచుకుంటూ కూతురి గది తలుపు వైపు చూశాడు. గొంతు తగ్గించి, "కొందరికి పని కూడా తగ్గుతుంది" అన్నాడు.

ఆ 'కొందరు' ఎవరో పరదాలమ్మకు వేరే చెప్పనక్కర్లేదు.

చిట్టి జడ వేసుకుంటూ గదిలోంచి వచ్చింది. ఒక్కగానొక్క కూతురు. రసాయనశాస్త్రం చదివింది, ఒక ల్యాబులో తెల్లకోటు వేసుకుని బుద్ధిగా ఉద్యోగం చేసింది. పోయిన వానాకాలం ఉన్నట్టుండి ఆ ఉద్యోగం మానేసి, ఊరి చివర రీసైక్లింగ్ కేంద్రంలో చేరింది. అక్కడ పెద్ద బెల్టు మీద ఊరందరి చెత్తా కదులుతూ వస్తుంది. కాగితం, ప్లాస్టిక్కు, గాజు వేరుచేసే వరసకి చిట్టి పెద్ద. పెద్ద అన్నమాటే గానీ, మనిషి తక్కువైనప్పుడల్లా తనూ బెల్టు పక్కన నిలబడి చేతులు పెట్టాల్సిందే.

ఆ కబురు విన్నరోజు కొలిమాయన మండిపడ్డాడు. "నా చేతులు కాల్చుకుని నిన్ను చదివించింది నువ్వు చెత్తలో చేతులు పెట్టడానికా?" అన్నాడు. "నా చేతులు నా ఇష్టం నాన్నా" అంది చిట్టి. అంతే. తండ్రికి తగ్గ కూతురు! ఆ రోజు నుంచి ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటూ, ఇద్దరి మధ్యా ఉలుకూ లేదు పలుకూ లేదు. ఉన్న మాటలన్నీ పరదాలమ్మ మోస్తోంది.

"అమ్మా, నాన్నని తుండు అక్కడ పెట్టెయ్యమను, తీసుకెళ్ళి ఆరేస్తాను."

"ఏమే, అవసరం లేదని చెప్పు. నేనే ఆరేసుకుంటాను."

"వినపడింది కదా ఇద్దరికీ!" అంది పరదాలమ్మ. "నేనేమన్నా టెలిఫోను తీగనా? ఏదో ఒకరోజు తెగిపోతాను, అప్పుడు తెలుస్తుంది మీకు."

ఇద్దరూ నవ్వు ఆపుకున్నారు. నవ్వితే రాజీపడ్డట్టు అవుతుందని భయం కాబోలు. చిట్టి తన బూడిదరంగు పని కోటు తొడుక్కుని, సంచీ భుజాన తగిలించుకుని వెళ్ళిపోయింది. కొలిమాయన కిటికీలోంచి వీధి మలుపు దాకా ఆ కోటునే చూస్తూ నిలబడ్డాడు. చేతిలో టీ చల్లారిపోయింది.

పరదాలమ్మ గుడ్డపేలికల మూట పట్టుకుని కిందికి దిగేసరికి నీలం డబ్బా చుట్టూ సభ జరుగుతోంది. డబ్బా మీద గోడకి ఒక బోర్డు ఉండేది. ఏవి వెయ్యాలో, ఏవి వెయ్యకూడదో అందులో రాసుండేదట. ఎండకి అక్షరాలన్నీ వెలిసిపోయి, ఒక సీసా బొమ్మ మాత్రం మిగిలింది. ఇహనేం, ఎవరికి తోచింది వాళ్ళు వేసేవాళ్ళు. తోచనిది కూడా వేసేవాళ్ళు, మంచే జరుగుతుందన్న ఆశతో.

పై అంతస్తు పంతులమ్మ పాల అట్టపెట్టెల్ని సబ్బుతో తోమి, ఆరబెట్టి, పుస్తకాల్లా దొంతరపెట్టి తెచ్చింది. చంకలో మాత్రం ఒక పాత దిండు ఉంది.

"దిండు కూడానా పంతులమ్మగారూ?" అంది నర్సమ్మ. ఆస్పత్రి డ్యూటీ దిగి ఇప్పుడే వచ్చిందావిడ. తన వంతు చెత్తనంతా నల్లసంచిలో వేసి గట్టిగా ముడేసి తెచ్చింది.

"లోపలంతా దూదే కదమ్మా! దేనికో దానికి పనికొస్తుంది. నువ్వు ఆ ముడి విప్పి వెయ్యి."

"విప్పితే మర్యాదగా ఉంటుందా? పదిమందీ చూసే చోటు!"

కిందింటి రొట్టెలాయన పిండి చేతులు దులుపుకుంటూ నవ్వాడు. "మీరు తోమినా ఒకటే, ముడేసినా ఒకటే. లారీ ఆ మలుపు తిరగ్గానే అన్నీ కలిపేస్తారు. నేను చెబుతున్నాగా!" అంటూనే విరిగిన గొడుగొకటి తెచ్చి అదే డబ్బాలో దోపాడు. "ఇనుమేగా ఇది!"

ఎవరి పిచ్చి వాళ్ళకానందం అనుకుని పరదాలమ్మ లోపల్లోపలే నవ్వుకుంది. అనుకుంటూనే తన పేలికల మూట కూడా అందులోనే జారవిడిచింది. రంగురంగుల ముక్కలు, ఎక్కడో ఏ మిషను నోట్లోనో పడి మళ్ళీ నిలువెత్తు పరదా అయి తిరిగొస్తాయని ఆవిడ నమ్మకం. మూట కింద గాజు గలగలమంది. పచ్చటి పెంకులు, తేనెరంగు పెంకులు. వాటి మధ్య సీసాల మెడలు చెక్కుచెదరకుండా ఉంగరాల్లా పడి ఉన్నాయి. పొద్దుటి ఎండ వాటిమీద పడి, ఆవిడ కలలోని గది కాస్తా అక్కడ డబ్బా అడుగున కనిపించినట్టయింది.

అలా మెడ విరగ్గొట్టడం అందరికీ చేతకాదు. ఫ్యాక్టరీనుంచి తెచ్చుకున్న చిన్న ఇనపకడ్డీతో మెడ కింద సరిగ్గా ఒక్క దెబ్బ వేస్తాడాయన. మెడ ఉంగరంలా ఊడి వస్తుంది. మూత తాలూకు రేకు గాజుతో పాటు కొలిమిలోకి పోకూడదని దాన్ని విడిగా ఒలిచేస్తాడు. చిట్టి చిన్నప్పుడు ఆ మెడల్నే కొలిమి సెగకి నున్నగా చేసి తెచ్చేవాడు. ఆ ఉంగరం దాని బొటనవేలికి వదులై జారిపోయేది. "వేలు వంచు చిట్టీ! వంచితేనే ఉంగరం నిలుస్తుంది" అనేవాడు. అది వేలు వంచుకుని రోజంతా ఒంటిచేత్తోనే ఆడుకునేది, అన్నం కూడా ఒంటిచేత్తోనే తినేది.

లారీ వచ్చి అన్నిటినీ మింగి వెళ్ళిపోయింది.

సాయంత్రం చిట్టి కుడిచేతికి పెద్ద కట్టుతో ఇంటికొచ్చింది.

పరదాలమ్మ చేతిలో కత్తెర జారిపోయింది. "అయ్యయ్యో! ఏమైందే? ఇంత కట్టేమిటి?"

"ఏం లేదమ్మా. తలుపు సందులో పడింది. కుట్లు వేశారు."

కొలిమాయన కుర్చీలోంచి సగం లేచాడు. ఆ సగంలోనే ఆగిపోయాడు. అటు నిలబడనూ లేక, ఇటు కూర్చోనూ లేక, చివరికి గోడవైపు తిరిగి, "ఏమైందట?" అని పెళ్ళాన్ని అడిగాడు.

"తలుపు సందులో పడిందట."

"చూసుకోవద్దూ!" అని గొణిగాడు. ఆ పూట ఆయన కంచంలో అన్నం కదిలించలేదు. చిట్టి ఎడమచేత్తో చెంచా పట్టుకుని తంటాలు పడుతుంటే, నీళ్ళగ్లాసుని ఒక వేలితో దాని వైపు మెల్లగా నెట్టాడు. ఎవరూ చూడలేదనుకున్నాడు.

భోజనాలయ్యాక పరదాలమ్మ ఆ పని కోటు ఉతుకుదామని తీసుకుంది. కుడిచేతి అంచు రక్తంతో అట్టకట్టుకుపోయింది. తలుపు సందులో వేలు పడితే కములుతుంది గానీ ఇంత రక్తమేమిటి! జేబులు తడిమితే ఏదో చల్లగా తగిలింది. తీసి దీపం కింద పెట్టి చూసింది. పచ్చటి సీసా మెడ. అంచు చెక్కుచెదరని ఉంగరం.

అది ఎవరి దెబ్బో ఆవిడకు తెలుసు. కోటు అక్కడే వదిలేసింది. కొళాయి కారుతూనే ఉంది.

పరదాలమ్మ చిట్టి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. మంచం మీద కూర్చుని అరచేతిలో ఉంగరం చూపించింది. చిట్టి దాన్ని చూసి, తల్లి ఒళ్ళో తల పెట్టుకుంది.

"నాన్నకి చెప్పకమ్మా."

"ఆయన కొట్టిన పెంకేనా నిన్ను కోసింది?"

"గ్లవ్స్ దాటి దిగింది. బొటనవేలు మొదట్లో. నరానికి తగిలింది, వంగుతుందో లేదో కుట్లు విప్పాకే తెలుస్తుందన్నారు."

"ఓసి నా తల్లీ! ఆయనేమో పెంకులు ఇక్కణ్ణుంచి నేరుగా కొలిమికి పోతాయనుకుంటున్నారే. నీకు పని తగ్గుతుందని సంబరపడుతున్నారే."

"వాళ్ళ రోజుల్లో అలాగే పోయేవి. బండి తెచ్చి కొలిమి ముందు పోసేవాళ్ళు. ఇప్పుడు మధ్యలో మేమున్నాం. అన్నీ కలిసే వస్తాయి. పగలని సీసా అయితే రంగు చూసి చేత్తో తీసి పక్కన పెడతాం. పగిలిందంటే కాగితాల్లోకి దూరిపోతుంది, ఇక దాన్ని ఏరలేం. గాజూ పోతుంది, కాగితమూ పోతుంది. రెండూ చెత్త పాతిపెట్టే గోతిలోకే."

"ఎన్నాళ్ళనుంచి తెలుసు నీకు, ఇది ఆయన పనేనని?"

చిట్టి కిటికీవైపు చూస్తూ, కలలో మాట్లాడుతున్నట్టు చెప్పింది.

"మొదటివారమే. మన వీధి లారీ వచ్చిందంటే చూస్తూ ఉండేదాన్నమ్మా. నల్లటి బెల్టు మీద, ఆ చెత్తంతటి మధ్యలోంచి, ఒక్కొక్క ఉంగరమే మెరుస్తూ నావైపు వచ్చేది. పక్కవాళ్ళంతా 'ఎవడో వెధవ మళ్ళీ పగలగొట్టాడు' అని తిట్టేవాళ్ళు. నాకు మాత్రం నాన్న నాతో మాట్లాడుతున్నట్టు ఉండేది. ఇంట్లో ఎటూ మాట్లాడటం లేదు కదా. వద్దని చెబితే అవి కూడా రావేమోనని చెప్పలేదు. పొద్దున ఆ ఉంగరం కోసమే చెయ్యి పెట్టాను. కింద పెంకు ఉందని చూసుకోలేదు."

పరదాలమ్మకు కళ్ళు మసకబారాయి. కూతురి జుట్టు నిమురుతూ ఉండిపోయింది. ఆయనకి చెబితే ఆయన బతికినన్నాళ్ళూ కుమిలిపోతాడు. చెప్పకపోతే వచ్చేవారం మళ్ళీ అదే గంట మోగుతుంది. మింగాలన్నా కష్టమే, కక్కాలన్నా కష్టమే. చివరికి ఆవిడకు తోచిన ఉపాయమల్లా ఆ ఇనపకడ్డీ దాచెయ్యడం. తెల్లారేసరికి అది పరదా గుడ్డల తానుల అడుగున పడుకుంది.

"నా కడ్డీ ఏదే?" అని ఆయన ఇల్లంతా గాలించాడు.

"నాకేం తెలుసు? కాళ్ళొచ్చి ఎక్కడికైనా పోయిందేమో!"

ఆదివారం పొద్దున పంతులమ్మ అందర్నీ డబ్బా దగ్గరికి పిలిచింది. లారీ డ్రైవరు ఆవిడతో ఏదో చెప్పాడట, ఈ వీధి గాజు గురించి అక్కడ గొడవగా ఉందని. ఏం గొడవో అతనికీ తెలీదు. బట్టలారేసిన తీగల కింద, వాటి నీడలు మొహాల మీద ఊగుతుండగా, అందరూ నిలబడ్డారు. చిట్టి మందులు వేసుకుని పైన పడుకుని ఉంది.

"గాజుని ఎలా వెయ్యాలో మనకి సరిగ్గా తెలీదు. అందుకేనేమో గొడవ" అంది పంతులమ్మ. "తెలిసిన మనిషి మన మధ్యే ఉండగా ఇన్నాళ్ళూ అడగకపోవడం మన తప్పు. కొలిమాయనగారూ, మీరే చెప్పాలి."

ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆయన్ని ఎవరైనా ఏదైనా అడగడం అదే మొదటిసారి. నడుము నిటారైంది. గొంతులో పాత బలం వచ్చింది. కొలిమి గురించి చెప్పాడు, లోపల గాజు పొద్దుటి సూర్యుడిలా ఎలా ఊగేదో చెప్పాడు, పెంకులు ముందు కరిగి ఇసకని చెయ్యిపట్టుకుని లాక్కెళ్ళినట్టు ఎలా కరిగిస్తాయో చెప్పాడు. రొట్టెలాయన కూడా నోరు తెరుచుకుని విన్నాడు. ఎంతైనా నిప్పు సంగతి తెలిసినవాడు కదా!

"కాబట్టి సీసాని సీసాలాగే వెయ్యకూడదు. పగలగొట్టే వెయ్యాలి" అని ముగించాడాయన.

"అంతేనన్నమాట!" అంది నర్సమ్మ. "మా ఇంట్లో బోలెడు మందు సీసాలున్నాయి. ఇవాళే పగలగొడతాను."

"మా దుకాణంలో సుత్తి ఉంది, అందరూ వాడుకోండి" అన్నాడు రొట్టెలాయన.

"అయితే ఈ వారం నుంచి బిల్డింగు మొత్తం పగలగొట్టే వేస్తుంది. గోడమీద కొత్తగా రాయిస్తాను కూడా" అంది పంతులమ్మ.

పరదాలమ్మ కళ్ళముందు ఆ నల్లటి బెల్టు కదిలింది. ఒక్క ఇంటివి కాదు, అన్ని ఇళ్ళ పెంకులూ దాని మీద వస్తున్నాయి. దాని పక్కన వరసగా చేతులు, ఎవరెవరి పిల్లల చేతులో. పెళ్ళైన నాటినుంచీ నలుగురిలో మొగుడి మాటకి ఎదురు చెప్పింది లేదు ఆవిడ. ఇప్పుడు నోరు దానంతటదే తెరుచుకుంది.

"వద్దు! ఎవరూ ఒక్క సీసా కూడా పగలగొట్టకండి!"

అందరూ ఇటు తిరిగారు. కొలిమాయన నవ్వబోయాడు. "నీకేం తెలుసే దీని సంగతి? ఊరుకో."

"తెలీకే ఇన్నాళ్ళూ ఊరుకున్నానండీ. మీరు చెప్పిందంతా నిజమే, కొలిమి దగ్గర. కానీ ఇక్కడికీ కొలిమికీ మధ్యలో చేతులున్నాయి. ఆడపిల్లల చేతులున్నాయి. మన పిల్ల చెయ్యి ఉంది!"

కొంగు ముడి విప్పి పచ్చటి ఉంగరాన్ని ఆయన చేతిలో పెట్టింది. "చిట్టి కోటు జేబులో దొరికింది. దానిది తలుపు సందు దెబ్బ కాదు. బెల్టు మీద మీ పెంకు దిగింది."

ఆయన ఆ ఉంగరాన్ని తిప్పి చూశాడు. తన దెబ్బ తనకి తెలియదా! ఒక్కసారి పైకి, తమ ఇంటి కిటికీ వైపు చూశాడు. డబ్బా అంచు పట్టుకున్నాడు. రొట్టెలాయన గబగబా స్టూలు తెచ్చి వేశాడు గానీ ఆయన కూర్చోలేదు. మెట్లెక్కి పైకి వెళ్ళిపోయాడు. ఎప్పుడూ లేంది, రెండు చేతులతోనూ గోడ పట్టుకుని ఎక్కాడు.

పరదాలమ్మ వెనకాలే వెళ్ళేసరికి ఆయన చిట్టి గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కిటికీకి కట్టిన లేతపసుపు పరదా గాలికి ఊపిరి తీస్తున్నట్టు కదులుతోంది. ఆ వెలుగులో చిట్టి లేచి కూర్చుంది. తండ్రి చేతిలో ఉంగరం చూసింది. తల్లివైపు చూసింది.

"నొప్పిగా ఉందా?" అన్నాడాయన.

వానాకాలం తర్వాత ఆ ఇంట్లో ఆయన కూతురితో అన్న మొదటి మాట అది. చిట్టి తల్లివైపు తిరిగింది. అలవాటు ఎక్కడికి పోతుంది! "అమ్మా, నొప్పేం లేదని నాన్నకి చెప్పు" అంది.

"నువ్వే చెప్పుకో తల్లీ! నా గొంతు అరిగిపోయింది" అంటూ పరదాలమ్మ గట్టిగా ఏడ్చేసింది.

అప్పుడు ముగ్గురూ ఏడ్చారు. ఆయన మంచం పక్కన నేలమీద కూలబడి, ఆ కట్టు చేతిని తన చేతుల్లోకి తీసుకున్నాడు. కాలి కాలి మొద్దుబారిన చేతులవి, సెగ తెలియని చేతులు. "నా చేతులు కాలితే కాలాయి. నీ చేతికి ఏమీ కాకూడదనే కదే నా కోపమంతా! చివరికి నేనే కోశాను. నేనే కోశాను చిట్టీ!"

"నువ్వు కొయ్యలేదు నాన్నా. నేనే చెయ్యి పెట్టాను. నువ్వు పంపావని."

"ఎందుకు వెళ్ళావే ఆ పనికి? హాయిగా ల్యాబులో ఉండక?"

"నువ్వన్న మాటకే వెళ్ళాను. ఫ్యాక్టరీ మూసేసిన రోజు ఈ గుమ్మంలోనే కూర్చుని అన్నావు. గాజుకి చావు లేదు, మనిషి తీసుకెళ్ళి పాతిపెడితే తప్ప, ఎన్నిసార్లు కరిగించినా మళ్ళీ కొత్తగా పుడుతుంది అని. నేను చిన్నదాన్ని, మర్చిపోయాననుకున్నావు. ల్యాబులో వాడేసిన సీసాలన్నీ గోతికి పంపేవాళ్ళు. చూస్తూ ఉండలేకపోయాను. ఎవరో ఒకళ్ళు ఏరాలి కదా నాన్నా."

ఆయన కూతురి చెయ్యి నుదుటికి ఆనించుకుని అలాగే ఉండిపోయాడు.

ఆ సాయంత్రం బిల్డింగువాళ్ళకి ఒక వింత కనబడింది. కొలిమాయన తలుపు తలుపూ తట్టి, "పొద్దున నేను చెప్పింది తప్పు. సీసాని కడిగి పగలగొట్టకుండానే వెయ్యండి. పగిలిందైతే కాగితంలో చుట్టి మామూలు చెత్తలో వెయ్యండి, పైన గాజు అని రాయండి. మధ్యలో చేతులుంటాయి" అని చెప్పి వస్తున్నాడు. చిట్టి ఎడమచేత్తో చూపిస్తూ చెబుతుంటే పంతులమ్మ గోడమీద కొత్త బోర్డు రాసింది. దిండ్లు వద్దు అన్న వాక్యం దగ్గర ఆవిడ కలం కాస్త ఆగింది. పేలికలు వద్దు అన్నచోట పరదాలమ్మ మొహం చిన్నబుచ్చుకుంది. ముడేసిన సంచిని అక్కడ విప్పకుండానే గోతిలో పారేస్తారని తెలిసి నర్సమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. రొట్టెలాయన మాత్రం ఆ పూటే దోపిన ఇంకో గొడుగుని గుట్టుచప్పుడు కాకుండా వెనక్కి పట్టుకుపోయాడు.

కుట్లు విప్పారు. బొటనవేలు కర్రలా నిలబడే ఉంది. రోజూ వంచే ప్రయత్నం చెయ్యాలి, నొప్పి పుట్టినా మానకూడదు అన్నాడు డాక్టరు. చిట్టి ప్రయత్నిస్తూ, రాక, విసుక్కుంటూ, కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ ఉండేది. ఆ రోజుల్లో కొలిమాయన వెనక బాల్కనీలో ఒక గిన్నెడు నీళ్ళు, ఒక నల్లటి గరుకుకాగితం పెట్టుకుని కూర్చునేవాడు. ఏం చేస్తున్నారంటే చెప్పేవాడు కాదు. కొలిమి లేదు, సెగ లేదు. చేత్తో రుద్దడమే. సన్నటి చప్పుడు మధ్యాహ్నాలంతా ఇల్లంతా పరుచుకునేది. మిషను ఆపి వింటూ పరదాలమ్మ అలాగే కునుకు తీసేది.

కొన్ని వారాలు గడిచాక మళ్ళీ డబ్బాలు ఎత్తే రోజు వచ్చింది. తెల్లవారుజామున, నిద్రకీ మెలకువకీ మధ్య సందులో, పరదాలమ్మ పాత అలవాటు కొద్దీ ఆ గంట కోసం ఎదురుచూసింది. మోగలేదు. బదులుగా వంటింట్లోంచి ఏవో మాటలు, మెల్లగా. అది కలేమో అనుకుని మొదట కదల్లేదు. తర్వాత లేచి, చప్పుడు కాకుండా వెళ్ళి గుమ్మం చాటున నిలబడింది.

బల్లమీద కడిగిన సీసాలు పగలకుండా, వరసగా ఉన్నాయి. కిటికీలోంచి వచ్చే తొలి వెలుగు వాటిలోంచి దిగి గోడమీద పచ్చగా, తేనెరంగుగా పరుచుకుంది. ఆవిడ కలలోని గదే అది. బల్లకి అటూ ఇటూ తండ్రీ కూతుళ్ళు కూర్చున్నారు. ఆయన ఆ పచ్చటి ఉంగరాన్ని కూతురి బొటనవేలికి తొడుగుతున్నాడు. అంచు ఎక్కడా గీసుకోనంత నున్నగా ఉంది. ఇప్పటికీ అది దాని వేలికి కాస్త వదులే.

"వేలు వంచు చిట్టీ! వంచితేనే ఉంగరం నిలుస్తుంది."

చిట్టి పళ్ళు బిగించింది. నుదుటి మీద చెమట పట్టింది. ఆయన చెయ్యి ఉంగరం కింద దోసిలిలా పట్టి ఉంది, పడితే పట్టుకుందామని. వేలు వణికింది. కొంచెం, ఇంకొంచెం, వంగింది.

ఉంగరం పడలేదు.

"అమ్మా!" అని చిట్టి లోపలికి కేక వేయబోయి, ఆగి, తండ్రి మొహంలోకి చూసి నవ్వింది. "నాన్నా, చూశావా?"

"చూశానమ్మా" అన్నాడాయన.

గుమ్మం చాటున పరదాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మోయడానికి ఇక మాటలేమీ లేవు ఆవిడకి. వెళ్ళి మళ్ళీ పడుకుంది.